మా బావ చేసే రాత్రి

మా బావ పొద్దున్నే పనిలోకి వెళ్ళి చేసే మొదటి పని రాత్రి చెయ్యడం.

ఇందులో మంత్రమూ లేదు, తంత్రమూ లేదు. బావ జూలో పని చేస్తాడు. ఆ జూలో సింహాలను దాటి వెళితే, మరుగుదొడ్ల పక్కన కిటికీలు లేని పొడుగాటి షెడ్డు ఒకటి ఉంటుంది. దాన్ని చీకటి ఇల్లు అంటారు. రాత్రిపూట తిరిగే జంతువులు అందులో ఉంటాయి. అవి రాత్రి మేలుకుంటే ఎవరికి లాభం? జనం వచ్చేది పగలు కదా. అందుకని పొద్దున్నే బావ వెళ్ళి పెద్ద తెల్ల లైట్లు ఆర్పేసి చిన్న ఎర్ర బల్బులు వేస్తాడు. రాత్రయిందనుకుని గబ్బిలాలు, గుడ్లగూబ, ముళ్ళపంది, దేవాంగపిల్లి లేచి తిరుగుతాయి. జనం అద్దాలకు ముక్కులు ఆనించి చూసి పోతారు. సాయంత్రం గేటు మూశాక బావ తెల్ల లైట్లు వేస్తాడు. తెల్లారిందనుకుని అవి పడుకుంటాయి. పొద్దున "చీకటి పడింది, లేవండర్రా" అనీ, సాయంత్రం "తెల్లారింది, ఇక పడుకోండి" అనీ వాటికి చెప్పి మరీ చేస్తాడు. జీతం తీసుకుని అబద్ధాలాడే ఉద్యోగాలు లోకంలో చాలా ఉన్నాయి గానీ, ఇంత ప్రేమగా ఆడేవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. బావ ఆ షెడ్డులో చేరి ఆరు నెలలా, అర జీవితం గడిచింది. మనిషి ముందే దేవాంగపిల్లిలా సన్నం. ఎండలోకి వస్తే కళ్ళు చికిలించుకుంటాడు. ఇంట్లో లైటు వెలుగుతున్నా చేతులు ముందుకు చాపి, గోడ తడుముకుంటూ నడుస్తాడు. మనుషుల్ని మొహం చూసి కాదు, అడుగుల చప్పుడు విని గుర్తుపడతాడు. నేను కొత్త చెప్పులు కొన్నప్పుడల్లా నన్నెవరో పరాయివాణ్ణి అనుకుని "ఎవరు కావాలండీ?" అంటాడు. పైగా చీకటి ఇంట్లో గొంతెత్తితే గబ్బిలాలు బెదురుతాయి, ముళ్ళపంది ముళ్ళు విప్పుతుంది. అందుకని ఎవరు కాస్త గట్టిగా మాట్లాడినా వేలు పెదాల మీద పెట్టి "ష్" అంటాడు. జనాన్ని అంటాడు, పై అధికారిని అంటాడు, ఇంట్లో ఈల వేసిన కుక్కర్ని కూడా అంటాడు. జూలో అందరూ ఆయన్ని గుడ్లగూబ అని పిలుస్తారు. దానికాయన ఏమీ అనుకోడు. ఆ పక్షి ఏమనుకుంటోందో ఎవరూ అడగలేదు.

ఇలాంటి మనిషికి మా అక్క భార్య అయింది. అక్కది రొట్టెల బట్టీలో పని. ఊరు పొద్దున్నే తినే రొట్టెను ఊరు నిద్రపోతుండగా చెయ్యాలి కాబట్టి, అక్క సాయంత్రం బట్టీకి పోయి పిండి కలిపి, రొట్టెలు కాల్చి, తెల్లారాక చెవుల్లో కూడా పిండితో ఇంటికి వస్తుంది. అప్పటికే బావ రాత్రి చెయ్యడానికి వెళ్ళిపోయి ఉంటాడు. జంతువులన్నీ పడుకున్నాక గానీ బావ ఇల్లు చేరడు. అప్పటికే అక్క బట్టీకి వెళ్ళిపోయి ఉంటుంది. ఒకే మంచం, ఒకే దిండు, వేరువేరు వేళలు. ఒకే గదిని ఇద్దరికి అద్దెకిచ్చినట్టు ఉంటుంది వాళ్ళ సంసారం.

సెలవులు లేవా అంటే ఉన్నాయి. జూ మూసిన రోజున బావ ఇంట్లోనే ఉంటాడు, అక్క పక్క గదిలో నిద్రపోతూ ఉంటుంది. బట్టీ మూసిన రాత్రి అక్క ఇంట్లోనే ఉంటుంది, బావ గురక పెడుతూ ఉంటాడు. ఇక వాళ్ళు మాట్లాడుకోవడానికి మిగిలింది మా అమ్మే. అమ్మ వాళ్ళ దగ్గరే ఉంటుంది. పగలు లేచి, రాత్రి పడుకుని, ఆ ఇంట్లో మనుషుల్లా బతికేది ఆవిడ ఒక్కతే. అక్క మాట బావకీ, బావ మాట అక్కకీ చేరవేసే రాయబారం ఆవిడది. చేరవేస్తుంది గానీ, దారిలో మాటను కడిగి, తుడిచి, ఇస్త్రీ చేసి మరీ అందిస్తుంది.

"ఆయన ఇంకోసారి తడి తువ్వాలు మంచం మీద పడేస్తే దాన్ని కిటికీలోంచి వీధిలో పడేస్తానని చెప్పు" అని అక్క అంటే, సాయంత్రం అమ్మ "అమ్మాయి మీ తువ్వాలు గురించి అడిగింది బాబూ" అంటుంది. "నిద్రలో గొణుగుతోంది అత్తయ్యా, భయమేస్తోంది" అని బావ అంటే, మర్నాడు అక్కకి "నీ గొంతు విని అల్లుడు గారు సంతోషించారే" అని చేరుతుంది. అమ్మ ధర్మమా అని అక్కా బావా ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు. ఆ వీధిలో ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు అరుచుకున్నా, పెద్దవాళ్ళు మా అక్క వాళ్ళ కిటికీ వైపు చూపించి "వాళ్ళని చూసి నేర్చుకోండి" అంటారు. అక్క మాత్రం ఒకసారి నాతో అంది: "ఒక్కసారైనా ఎదురుగా కూచోబెట్టి కడుపునిండా పోట్లాడాలనుందిరా. పోట్లాడటానికైనా మనిషి మేలుకుని ఉండాలి కదా." నవ్వుతూనే అంది. కానీ నాకు నవ్వు రాలేదు.

ఇలా ఉండగా బట్టీలో పొయ్యి ఇటుకలు పగిలాయి. కొత్తగా కట్టేదాకా పనికి రావద్దన్నారు. అందరం సంతోషించాం. బావ ఎంత సంతోషించాడంటే, ఆ సాయంత్రం జంతువులకు మామూలు కన్నా ముందే తెల్లవార్చి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. అప్పుడే లేచిన అక్క ఎదురుగా కూచుంది. కానీ చిన్నప్పటి నుంచీ అక్కకో అలవాటు: లేచాక మొహం కడిగి, టీ తాగి, ఇంకో టీ తాగేదాకా నోరు విప్పదు. ఆ రెండో టీ అయ్యేసరికి బావ కంచం ముందే తూగడం మొదలుపెట్టాడు. అక్క "ఏవండీ" అనేసరికి పడుకున్నాడు. బావ లేచేసరికి అక్క పడుకుంది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. సెలవు వాళ్ళిద్దరినీ ఒకే ఇంట్లో పెట్టగలిగింది గానీ ఒకే పూటలో పెట్టలేకపోయింది. ఇటుకలు ఆరగానే అక్క మళ్ళీ బట్టీకి పోవాలి. ఈ కాసిని రోజుల్లో భార్యతో మెలకువగా కూచుని ఒక్క పూట భోజనం చెయ్యలేకపోతే ఇక ఈ జన్మకి చెయ్యలేనని బావకి దిగులు పట్టుకుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు కదా. బావ చక్కబెట్టడానికి పూనుకున్నాడు.

నాకు ఈ సంగతి తెలిసింది ఒక మధ్యాహ్నం. అమ్మని చూసిపోదామని వెళ్ళి తలుపు తోశాను. లోపల కాటుక చీకటి. కిటికీలన్నిటికీ నల్ల గుడ్డలు కొట్టి ఉన్నాయి. నట్టింట్లో ఒక చిన్న ఎర్ర బల్బు. ఒక గదిలో అక్క నిద్రపోతోంది. ఇంకో గదిలో అమ్మ, పట్టపగలు నడి మంచం మీద వెల్లకిలా పడుకుని గురక. మధ్యాహ్నం కునుకు తీసేవాళ్ళని సోమరులని తిట్టే మా అమ్మ. లేపితే కళ్ళు నులుముకుని, "ఏరా, ఇంత రాత్రప్పుడు వచ్చావేం?" అంది.

"రాత్రేంటమ్మా, ఒంటిగంట."

"అదే అంటున్నా. ఒంటిగంటకా రావడం? పొద్దున్నే రా." అటు తిరిగి పడుకుంది.

కింది వాటా ఆవిడ నన్ను మెట్ల మీద పట్టుకుంది. "బాబూ, మీ అమ్మగారు అర్ధరాత్రి లేచి పచ్చడి నూరుతున్నారు. మీ అక్కా ఆవిడా తెల్లార్లూ కబుర్లు. ఇంట్లో లైట్లన్నీ పెళ్ళివారిల్లులా వెలుగుతుంటాయి. అదేమంటే, అత్తయ్య గారు చీకట్లో తడబడకుండా వేశానంటారు మీ బావ గారు. ఎంత మంచి అల్లుడో, మాకు మాత్రం నిద్ర లేదు" అంది.

నేను తిన్నగా జూకి వెళ్ళాను. బావ ముళ్ళపంది అద్దం ముందు స్టూలు మీద కూచున్నాడు.

"బావా, పట్టపగలు ఇంట్లో ఆ ఎర్ర బల్బేంటి?"

"ష్. మెల్లగా. మీ అక్కని తిప్పుతున్నాను."

"ఎక్కడికి?"

"పగట్లోకి" అన్నాడు బావ, అదేదో బస్టాండు పేరైనట్టు. "ఈ ముళ్ళపంది కొత్తగా వచ్చినప్పుడు పగలంతా పడుకునేది. పగలు ఎర్ర బల్బు వేశాను, రాత్రి తెల్ల లైటు వేశాను. తిరిగిపోయింది. ఒకటే నియమం. తిప్పుతున్నట్టు దానికి తెలియకూడదు. తెలిస్తే మొండికేస్తుంది."

"అక్క ముళ్ళపంది కాదు కదా బావా."

"రాత్రి తిరుగుతుంది, పగలు పడుకుంటుంది" అని బావ వేళ్ళు మడిచి, మూడోది ఏదో చెప్పబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

"మనిషికి వెలుగొస్తే మెలకువ వస్తుంది. చీకటైతే నిద్ర వస్తుంది. నువ్వు చేసింది తలకిందుల పని. రాత్రి లైట్లన్నీ వేస్తే అక్కకి ఇంకాస్త హుషారొస్తుంది గానీ నిద్రెందుకు వస్తుంది?"

బావ తలెత్తి ఎర్ర బల్బు వైపు చూశాడు. ఈ విషయం ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేరు. "మరి పగలు నా చీకటికి లేవాలి కదా" అన్నాడు.

"నీ చీకటి ఆవిడ ఎప్పుడు చూసింది? కళ్ళకి నల్ల గుడ్డ కట్టుకుని పడుకుంటుంది. రాత్రి పని చేసేవాళ్ళంతా కట్టుకుంటారు, వెలుగు పడకుండా."

"అది అందుకా?" బావ స్టూలు మీంచి లేచాడు. "తలనొప్పికి కట్టుకుందనుకున్నాను. ఇన్నేళ్ళూ. పాపం ఎప్పుడూ తలనొప్పేనని అత్తయ్యతో ఎన్నిసార్లు మందు పంపించానో." మళ్ళీ కూచున్నాడు. "మరి నా లైట్లకి ఎవరు తిరిగారు?"

"అమ్మ."

ముళ్ళపంది మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

నా నోట్లో నువ్వు గింజ నానదు. ఆ సాయంత్రమే, అక్క రెండో టీ అయ్యేదాకా ఆగి, అంతా చెప్పేశాను. అక్క గ్లాసు కింద పెట్టింది.

"నన్ను ముళ్ళపందితో పోల్చాడా?"

"పోల్చలేదక్కా. ఆ పద్ధతిలో తిప్పుతున్నాడంతే."

"అది పోల్చడం కన్నా అన్యాయం కదరా."

కోపం వచ్చింది. బావ రాగానే పట్టుకుంది. "ఏవండీ, నేను మీ కంటికి మనిషిలా కనపడటం లేదా?" అని మొదలుపెట్టింది. బావ ఆవలించాడు. "నిజమే, నాదే తప్పు" అన్నాడు. అని, గోడకి జారబడి కూచున్నవాడు కూచున్నట్టే నిద్రపోయాడు. అక్క భుజం పట్టి కుదిపితే కళ్ళు మూసుకునే ఇంకోసారి "నాదే తప్పు" అన్నాడు. నిద్రలో తప్పు ఒప్పుకునేవాడితో ఎవరైనా ఏం పోట్లాడతారు? పోనీ మర్నాడు అమ్మతో చెప్పించుకుందామంటే, రాయబారి కాస్తా రాత్రి మనిషి అయిపోయింది. బావ లేచి ఉన్నప్పుడు ఆవిడ లేవదు. ఉన్న ఒక్క వంతెనా మా బావ చేతులారా కూల్చుకున్నాడు.

అక్క నా వైపు తిరిగింది. "రేపు పగలు నన్ను అక్కడికి తీసుకెళ్ళు" అంది. "మధ్యలో పడుకుంటే గిల్లు."

గిల్లాను. బస్సులో నా భుజం మీద ఒరిగిపోయింది, గిల్లాను. జూ గేటు దగ్గర టిక్కెట్లు చింపే ఆయన "ఒంట్లో బాగోలేదా అమ్మా?" అని అడుగుతుంటే నిలబడే నిద్రపోయింది, మళ్ళీ గిల్లాను. సింహాల దగ్గర ఎండకి రెండు కళ్ళూ మూసుకుని నా చెయ్యి పట్టుకుని నడిచింది. ఈవిడ ఏం పోట్లాడుతుంది, ముళ్ళపంది పక్కన పక్క వేసుకుని పడుకుంటుంది అనుకున్నాను. చీకటి ఇంటి తలుపు తోశాను. లోపలికి అడుగు పెట్టాం. తలుపు మూసుకుంది.

అక్క కళ్ళు తెరిచింది. పూర్తిగా తెరిచింది. చెయ్యి విడిపించుకుని, వీపు నిటారు చేసి, బట్టీలోకి పనికి దిగినట్టు కొంగు బిగించింది. కోపం లేపిందో, చీకటే లేపిందో నాకు తెలియదు. చీకటే అని బావ ఈనాటికీ వాదిస్తాడు. ఆయన లెక్క నిజమేనేమో అని ఒప్పుకోవడం నాకు నామోషీ.

బావ మా అడుగుల చప్పుడు విన్నాడు. స్టూలు మీంచి లేవబోయి, లేవలేక అలాగే ఉండిపోయాడు. "నువ్వా?" అన్నాడు. "పగలు కదా."

"ఎవరు ముళ్ళపంది?" అంది అక్క.

"ష్" అన్నాడు బావ, అలవాటు చొప్పున.

ఆ "ష్"తో మొదలైంది. అక్క గొంతు తగ్గించింది గానీ మాట తగ్గించలేదు. తువ్వాలు దగ్గర మొదలుపెట్టింది. తలనొప్పి దగ్గరికి వచ్చింది. "నాకు తలనొప్పని ఎవరు చెప్పారు? నా జీవితంలో నాకు తల నొప్పి పుట్టలేదు. మీ మందులు చాటుగా అమ్మ మింగిందేమో, అడగండి." బావ కూడా ఊరుకోలేదు. పగలు కాబట్టి ఆయనా మెలకువగానే ఉన్నాడు. నిద్రలో గొణుగుడు సంగతి తీశాడు, అక్క పొయ్యి మీద గిన్నెలన్నీ పక్కకి జరిపి పెడితే తన చేతికి అందవని తీశాడు. అంతా గుసగుసల్లోనే. ఇంత పెద్ద పోట్లాట ఇంత చిన్న గొంతుతో జరగడం నేను చూడలేదు. ఒక్కో మాటకి అద్దం వెనక ముళ్ళపంది ముళ్ళు లేస్తున్నాయి, దిగుతున్నాయి.

జనం పోగయ్యారు. గుడ్లగూబ దగ్గర నిలబడ్డ వాళ్ళు కూడా ఇటు జరిగారు. ఎర్ర వెలుగులో సగమే కనపడే ఇద్దరు మనుషులు, చేతులు ఊపుతూ, చప్పుడు లేకుండా. ఒకావిడ చంకలో బిడ్డని ఎత్తి చూపిస్తూ "కదలకు, అవి లేచాయి" అంది. ఒక పెద్దాయన గోడ మీది బోర్డు దగ్గరికి వంగి చదువుతున్నాడు, వీళ్ళేం తింటారో రాశారేమోనని.

పోట్లాటలో అక్క మీరు లోంచి నువ్వు లోకి దిగిపోయింది. నేను ఎప్పుడూ వినలేదు.

"నీ గొంతు ఎలా ఉంటుందో నాకు గుర్తు లేదు తెలుసా? నువ్వు ఏమన్నావన్నా నాకు అమ్మ గొంతులోనే వినిపిస్తుంది. నా మొగుడు మా అమ్మలా మాట్లాడతాడు. ఇది ఎవరితో చెప్పుకోను?"

బావ చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని అన్నాడు: "జూ సెలవు రోజున కంచం తెచ్చుకుని నీ మంచం పక్కనే కూచుని తింటాను. ప్రతిసారీ. నువ్వు అటు తిరిగితే నేనూ అటు వచ్చి కూచుంటాను. అత్తయ్యని అడుగు."

"చెప్పలేదు అమ్మ" అంది అక్క. "ఆ ఒక్కటీ చెప్పలేదు."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని బయటికి వచ్చి గుమ్మం మెట్టు మీద కూచున్నాను. గేటు మూసే గంట కొట్టారు. చూసేవాళ్ళు ఒక్కొక్కరే కళ్ళు చికిలిస్తూ బయటికి వచ్చారు. ఆ బిడ్డ తల్లి నాతో "ఇవాళ బాగా తిరిగాయండీ" అంది. అందరూ పోయాక తలుపు సందులోంచి చూశాను. బావ అలవాటుగా లేచి, గోడ తడుముకుంటూ తెల్ల లైట్ల స్విచ్చి దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి వేశాడు.

"ఆగు" అంది అక్క. "నాది ఇంకా అవలేదు."

బావ చెయ్యి తీసేశాడు. ఆయన ఉద్యోగంలో జంతువులకి తెల్లారడం ఆలస్యమవడం అదే మొదటిసారి. మర్నాడు పై అధికారి అడిగితే స్విచ్చి బిగుసుకుపోయిందని చెప్పాడట. చీకట్లో ఆయన రెండో స్టూలు వెతకడం వినిపించింది. తర్వాత మధ్యాహ్నపు క్యారియరు మూత తీసిన చప్పుడు. అమ్మ పడుకోబట్టి పొద్దున బావే కట్టుకున్న క్యారియరు అది, ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. "ఇది తినే బతుకుతున్నావా?" అంది అక్క. బావ ఏదో గొణిగాడు. కాసేపు నమిలిన చప్పుడే.

ఉన్నట్టుండి అక్క నవ్వింది. గుసగుసగా కాదు, పెద్దగా, చిన్నప్పుడు మా ఇంట్లో నవ్వినట్టు పగలబడి. లోపల గబ్బిలాలన్నీ ఒక్కసారి లేచి టపటపా కొట్టుకున్నాయి. ఇక బావ "ష్" అంటాడని తలుపుకి చెవి ఆనించి విన్నాను. చాలాసేపే విన్నాను.

అనలేదు.